పసుపు కల్లం వదిలి గోవా ఒడ్డున మా నాలుగు రోజులు

మా హనీమూన్‌కి గోవా వెళ్లాలన్న పట్టు నాది కాదు, మా అత్తమ్మది. ఆర్మూర్ చుట్టుపక్కల ఈ మాట చెబితే ఎవరూ నమ్మరు. ఏప్రిల్ చివర, ఉడకబెట్టిన పసుపును కల్లం నిండా ఆరబోసిన రోజులవి. అది ఎండేదాకా ఇంట్లో అందరి కళ్లూ ఆకాశం మీదే ఉంటాయి. ఒక్క గట్టి వాన తగిలిందా, రంగు పోయిన ఆ పంటను మార్కెట్ యార్డులో అడిగే నాథుడుండడు. అలాంటి సమయంలో మా అత్తమ్మ, "నేనున్న గద కల్లం కాడ. మీరు కూసొని చూస్తే జల్ది ఎండుతదా? పోయిరాండ్రి బిడ్డా," అంది. నేను పెర్కిట్ పిల్లను, మందుల దుకాణంలో పనిచేస్తాను, పెద్ద నీళ్లంటే పోచంపాడు ప్రాజెక్టు తప్ప మరొకటి చూసి ఎరగను. సముద్రం అనగానే ఎగిరి గంతేశాను. మా ఆయన మహేందర్ మాత్రం ఆకాశం వైపు ఒకసారి చూసి "సరే" అన్నాడు.

ఆ "సరే"తోనే నా బాధంతా. సంబంధం ఖాయమయ్యాక పెళ్లిని ఏడాది వాయిదా వేసింది ఆయనే. ఎందుకని అడిగితే "జర ఆగుదాం" అన్నాడు, అంతే. ఆ ఏడాది పొడుగునా రోజూ ఫోన్ చేశాడు, "తిన్నవా" అని అడిగాడు, నేను చెప్పిందంతా విన్నాడు, పెట్టేశాడు. ఈ మనిషి నన్ను ఇష్టపడి చేసుకున్నాడా, వాళ్లమ్మ మాట కాదనలేక చేసుకున్నాడా? ఎవరినైనా అడిగే మాటా ఇది! ఈ నాలుగు రోజుల్లో ఎలాగైనా తేల్చుకోవాలని బట్టలతో పాటు ఆ ప్రశ్న కూడా సర్దుకుని బయలుదేరాను.

ఆర్మూర్ నుంచి శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు హైవే మీద నాలుగు గంటలు పడుతుంది. నిజామాబాద్ వెళ్లి రైలెక్కితే ఖర్చు తక్కువే కానీ సామానుతో అవస్థ. మేం తెల్లవారుజామున నాలుగింటికి తెలిసిన డ్రైవర్ జావీద్ భాయ్ కారులో బయలుదేరాం, ఐదు వేలు తీసుకున్నాడు. కామారెడ్డి దాటాక చాయ్ కోసం ఆపితే మహేందర్ ఆయన్ని అడిగిన మొదటి మాట, "భాయ్, గీ నాలుగు దినాలల్ల మొగులైతదంటవా, వాన పడ్తదా?" జావీద్ భాయ్ గ్లాసు పక్కన పెట్టి పకపకా నవ్వాడు. "కొత్త పెండ్లికొడుకువు, గదా నువ్వు అడిగేది? హనీమూన్‌కు పోతున్నవా, పంట బీమాకు పోతున్నవా?" నేనూ నవ్వాను కానీ చాయ్ సగంలోనే వదిలేశాను.

విమానం గంటన్నర లోపే. ఆఫర్లో దొరికినందుకు టికెట్లు మనిషికి నాలుగు వేలు దాటలేదు. అక్కడి నుంచి టాక్సీలో దక్షిణం వైపు గంటసేపు వెళితే కొబ్బరి తోపులో మా రిసార్టు. చెక్కతో కట్టిన కుటీరాలు, ఒక్కోదాని ముందు రెండు పడక కుర్చీలు. ఏప్రిల్ చివర జనం పలచబడతారు కాబట్టి పొద్దుటి టిఫిన్‌తో కలిపి రోజుకు మూడున్నర వేలకే ఇచ్చారు. సామాను లోపల పడేసి, కొబ్బరి చెట్ల మధ్య నుంచి ఇసుక దారిలో ఇరవై అడుగులు వేశామో లేదో, అది కనిపించింది.

ఏం చెప్పను! పోచంపాడులో ఎంత నీళ్లున్నా ఎక్కడో ఒకచోట గట్టు ఉంటుంది, గేట్లు ఉంటాయి, ఇక్కడిదాకే అని చెప్పే హద్దు ఉంటుంది. దీనికి అవతలి ఒడ్డే లేదు. చూపు పోయి పోయి ఆకాశంలో కలిసిపోయింది. ఆ చప్పుడు మొదట చెవులకు వినిపించింది, తర్వాత కాళ్ల కింది ఇసుకలో తెలిసింది, ఆ తర్వాత గుండెలోనే మొదలైనట్టు అనిపించింది. పక్కకు చూస్తే మహేందర్ చెప్పులు విడిచి, వంగి, అలను చేత్తో తాకి కళ్లకద్దుకుంటున్నాడు. తర్వాత ఆ వేలు నాలుక మీద పెట్టుకుని, "అబ్బా, గింత ఉప్పా!" అన్నాడు. ఆ ముఖంలో అంత ఆశ్చర్యం నేను అంతవరకు చూడలేదు.

మరునాడు ఆరింటికల్లా లేచాం, అప్పటికి నీరు వెనక్కి తగ్గి ఒడ్డు అద్దంలా ఉంది. పెసరగింజంత పీతలు తమ కన్నాల చుట్టూ ఇసుకను చిన్న చిన్న ఉండలు చేసి, పెద్దావిడెవరో కూర్చుని తీరిగ్గా పెట్టినంత పొందికగా ముగ్గులు పరిచాయి. ఎవరూ చూడకపోయినా ఇంత పనా అని వాటి ముందు గొంతుక్కూర్చుని ఉండిపోయాను. "చూడు చూడు" అని వెనక్కి తిరిగితే ఆయన ఫోనులో ఆర్మూర్ వాతావరణం చూస్తున్నాడు. నాకు ఒళ్లు మండింది. "సముద్రం గీడుంది, నీ మనసు కల్లంల ఉంది. నన్నెందుకు తోల్కొచ్చినవ్?" అన్నాను. ఫోను జేబులో పెట్టుకున్నాడు. టిఫిన్ దగ్గర ఇద్దరం పూరీల వైపే చూస్తూ తిన్నాం.

మధ్యాహ్నం మూడింటికి ఒడ్డు వెంబడి ఉత్తరంగా అరగంట నడిస్తే జాలర్ల వాడ వస్తుంది. రోజీ ఆంటీ అనే అరవై ఏళ్ల ఆవిడ ఇసుకలో పాత వలలు పరిచి చేపలు ఎండబెట్టింది. ఒక వల మీద అరచేయంత చేపలు, ఇంకోదాని మీద వేలెడు చేపలు, మూడోదాని మీద గోరంత రొయ్యలు. ఆవిడ గుడిసెలోకి వెళ్లిందో లేదో, కొండ వైపు నుంచి నల్లటి మబ్బొకటి లేచింది. అంతే! "ఉరుకు, మొగులైంది!" అని మహేందర్ పరుగెత్తాడు. నిజం చెప్పొద్దూ, నేనూ పరుగెత్తాను. మబ్బు కనిపిస్తే ఆరబోసింది మధ్యకు తోసి కుప్ప చేసి కప్పడం మా ఊళ్లలో పిల్లలకైనా తెలుసు. ఆయన ఒక కొస, నేనొక కొస పట్టుకుని మూడు వలల్లోవీ ఒకేచోట కుమ్మరించి, పడవ మీదున్న టార్పాలిన్ లాగి కప్పేశాం. ఎంత గొప్ప పని చేశామో అని రొప్పుతూ నిలబడ్డాం.

రోజీ ఆంటీ బయటికొచ్చి రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. "అరే బాబా! యే క్యా కియా!" అంది, ఇదేం పని చేశారని. ఆ మబ్బు కురిసేది కాదట, కొండ వైపు గాలికి సముద్రంలోకి పోయేదట. మేం చూస్తుండగానే పోయింది, ఒక్క చుక్క రాల్లేదు. కుప్పలో చేపలు, రొయ్యలు, ఇసుక ఏకమై ఉన్నాయి. మహేందర్ చేతులు జోడించి, "మాఫ్ కరో అమ్మా. హమారే ఇధర్ హల్దీ ఐసైచ్ సుఖాతే. బాదల్ దేఖే తో హాథ్ నై రుక్తే," అన్నాడు, మా దగ్గర పసుపు ఇలాగే ఎండబెడతాం, మబ్బు కనిపిస్తే చేతులు ఆగవు అని తనకొచ్చిన హిందీలో. ఆవిడ కాసేపు గుర్రుగా చూసి, ఫక్కున నవ్వేసి, మా ముందు మూడు బుట్టలు పెట్టింది. ఏరమని! కొత్త పెళ్లికూతుర్ని, చేతులకు గోరింటాకు ఇంకా పోలేదు, కూర్చుని ఎండుచేపలు ఏరాను. వేలి లాంటి కొమ్ము వేరు, గుండ్రటి మండ వేరు అని పసుపును ఏరినట్టే.

చేతులు పనిలో ఉంటేనే ఆ మనిషికి మాట వస్తుందని అప్పుడు తెలిసింది. "మొగులంటే గంత భయమేంది నీకు?" అని అడిగాను.

"పోయినేడు మా పసుపంతా తడిసింది."

"ఎప్పుడు?"

తల ఎత్తకుండానే అన్నాడు, "నిన్ను చూడనీకి మీ ఇంటికొచ్చిన దినం. ఇంటిల్లిపాది వచ్చినం, కల్లం కాడ ఎవ్వరు లేరు."

ఆ వాన నాకు బాగా గుర్తు. శుభశకునం అని మా అమ్మ మురిసిపోయింది, నేను రెండు బజ్జీలు ఎక్కువ తిన్నాను. "మరి ఒక్కసారి గూడ చెప్పలేదేంది?"

"చెప్తే పిల్ల అడుగు మంచిది కాదంటరు. మీ ఇంటికొచ్చిన సంగతి దాచి, ట్రాక్టర్ ఇంజన్ బాగుకు నిజామాబాద్ పోయినమని ఊర్ల చెప్పినం. పెండ్లి గూడ గందుకే ఆపిన, ఇంకో పంట వస్తే గాని చేతులాడవని."

నా చేతిలోని రొయ్య జారిపోయింది. ఏడాది పాటు ఈ మనిషిని నేను ఎన్ని అనుకున్నాను! కళ్లు తుడుచుకుందామంటే చేతుల నిండా చేపల వాసన.

సరిగ్గా అప్పుడే అత్తమ్మ ఫోన్ చేసింది. "ఈడ మస్తు మొగులైంది. పక్కోళ్లు వచ్చిండ్రు, కుప్ప చేస్తున్నం. మీరు ఫికర్ చెయ్యకుండ్రి," అని పెట్టేసింది. నేను లేచి నిలబడ్డాను. "పా, రేపే పోదాం. నాకు సముద్రం సాలు," అన్నాను, మనస్ఫూర్తిగానే. మహేందర్ ఆకాశం వైపు చూడలేదు, నా వైపు చూశాడు. "తడిస్తే తడవనీ. పోయినేడు పంట తడిసిన దినమే నువ్వు దొరికినవ్. నాకేం నష్టం కాలే," అన్నాడు. ఒడ్డున అంతమంది జాలర్లు చూస్తున్నారన్న సిగ్గు కూడా లేకుండా గట్టిగా ఏడ్చేశాను. రోజీ ఆంటీకి తెలుగు రాదు, అయినా బుట్టలు తన వైపు లాక్కుని మమ్మల్ని నీళ్లవైపు తోసింది.

మిగతా రెండు రోజులూ ఉన్నాం. ఇంటికొచ్చి చూస్తే కల్లంలో ఒక మూల పసుపు తడిసి నల్లబడింది, మిగిలింది దక్కింది. హద్దు లేనిది సముద్రం ఒక్కటే అనుకుని వెళ్లాను, ఏడాది పాటు నా మీద మాట పడకుండా కాసిన మనిషిని చూసి వచ్చాను. వెళ్లేవాళ్లకు ఒక్క సలహా: ఏప్రిల్ చివర గదులు చవక, కానీ పంట ఆరబోసి వెళ్లేటట్టయితే కల్లం దగ్గర ఒక్కరిని కాదు, ముగ్గురిని పెట్టి వెళ్లండి.