తాడు వదలని కామమ్మ

మా వదిన కామమ్మకు కోపం వస్తే ఎదుట ఉన్నది ఎవరని చూడదు. బోగోలు వైపు సముద్రపు పల్లెల్లో ఈ సంగతి అందరికీ తెలుసు. నెల్లూరు టూరు మేనేజరు నరేంద్రబాబుకే తెలియదు.

వదిన కొడుకు కిషోర్ ముచ్చటపడి మా ఇద్దరినీ శ్రీలంక టూరుకు పంపాడు. ఏం టూరది, నా మొహం! పుట్టినప్పటినుంచీ ఒడ్డు ఇసుకలో పొర్లిన మమ్మల్ని అంత దూరం తీసుకెళ్లి “చూడండమ్మా, బీచ్” అన్నాడు నరేంద్రబాబు. కొబ్బరితోట చూపించి చప్పట్లు కొట్టించాడు. ఏనుగులను కదిలే బస్సులోంచి చూపించి, వాటి పేడతో చేసిన కాగితం అమ్మే కొట్టు దగ్గర మాత్రం తీరిగ్గా దింపాడు. తప్పిపోకుండా అందరికీ పసుపు టోపీలు. పాస్‌పోర్టులన్నీ ఆయన సంచిలోనే.

ఒక పల్లె దగ్గర బస్సు ఆపాడు. అక్కడివాళ్లు ఒడ్డున నిలబడి పెద్దవల లాగుతున్నారు. వల ఇంకా చాలా లోపల ఉంది. లాగుతున్న ముసలీముతకను పక్కకు జరిపి, మా బస్సువాళ్లను వల తాడు పట్టుకుని నవ్వమన్నాడు. ఫొటో అయింది. అందరూ ఒక్కసారే వదిలేసి చేతులు దులుపుకున్నారు. తాడు సర్రున నీళ్లలోకి జారింది. ఆపబోయిన ఒక ముసలామె బోర్లా పడింది. అరచేతులు చీరుకుపోయి నెత్తురు కారింది.

మా పల్లెలో తాడు మీద చెయ్యి వేసినవాళ్లు వల ఒడ్డుకు చేరేదాకా వదలరు. పెళ్లికి పోతూ దారిలో చెయ్యి వేసినా అంతే. ఒకవైపు సడలితే చేప తప్పించుకుంటుంది, ఆ పూట పల్లె పస్తు. వల వచ్చాక, లాగినవాళ్లందరికీ చేపలో వాటా పెడతారు.

వదిన చెప్పులు విసిరేసి తాడు అందుకుంది. నేనూ వెనక పట్టాను.

“బస్సు కదలతా ఉందమ్మా. రత్నాల కొట్టు మూసేస్తారు, రాండి!” అన్నాడు నరేంద్రబాబు.

“పోవయ్యా, పో!” అంది వదిన.

“నిజంగానే పోతా. పాస్‌పోర్టు లేకుండా ఇంటికి ఎట్టా పోతారో చూస్తా.”

“వదినా, భాష రాని దేశం. పోదాం రా,” అన్నాను.

“తాడు పట్టినాక పోయేదేంది? ఆమె చేతులు చూసినావా? మన ఇంటి ఆడది అట్టా పడితే పోతావా?”

బస్సు హారన్ కొట్టి మరీ పోయింది. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. రెండూ తాడు మీదే చూపించాను. ముసలామె చేతులకు గుడ్డ చుట్టుకుని వచ్చి మా ముందు తాడు పట్టి నిలబడింది.

వల వచ్చింది. చేప సగం జారిపోయింది. మిగిలిన కాస్తనే కుప్పలు పోశారు. చివర రెండు కుప్పలు మాకు. వదిన వద్దని చేతులు ఊపితే, ముసలామె వదిన కొంగే పట్టి లాగి అందులో పోసింది.

సాయంత్రం బస్సు తిరిగొచ్చింది. మా మీద ప్రేమతో కాదు, ఇద్దరు తగ్గితే ఎయిర్‌పోర్టులో తంటా అని. మేము ఎక్కగానే, ముందు సీటులో కొత్త ఉంగరం చూసుకుంటున్న పుష్పకుమారి అనే నెల్లూరావిడ ముక్కు మూసుకుంది.

“అబ్బా, కంపు! ఎక్కడ కొన్నారు ఇవి?”

“కొనలా. మా వాటా పెట్టినారు,” అంది వదిన. “నువ్వూ పట్టినావు కదమ్మా తాడు. నీ వాటా ఆ ముసలామె అరచేతుల్లో ఉంది, దిగిపోయి చూసిరా.”