నర్సమ్మగారి మొక్కలు

వన్ టౌన్‌లో మా పై వాటాలో రిటైరైన నర్సమ్మగారు ఒకరు ఉండేవారు. పోర్టు నుంచి వచ్చే నల్లదుమ్ము మా కిటికీల మీద పడ్డట్టే ఆవిడ మొక్కల మీదా పడేది. రోజూ పొద్దున్నే ఒక్కో ఆకు కిందా అరచెయ్యి ఆనించి, జ్వరమొచ్చిన బిడ్డ ఒళ్ళు తుడిచినట్టు తడిగుడ్డతో తుడిచేవారు.

ఒక వానాకాలం ఆవిడ భర్తకు ఆయాసం ముదిరింది. కుండీల తడిమట్టికి పట్టే బూజు ఆయనకు పడటం లేదనీ, మొక్కలు ఇంట్లో ఉంచొద్దనీ డాక్టరు చెప్పారు. ఆవిడ వారం రోజులు తెలిసినవాళ్ళ ఇళ్ళకు తిరిగి, కిటికీలు చూసి, ఏ ఇంటి వెలుగుకు తగిన మొక్క ఆ ఇంటికి ఇచ్చేశారు.

మా గది చూసి, "మీకు ఎండ రాదమ్మా. ఈ మనీప్లాంటయితే బతికేత్తాది. మట్టి ఎండితేనే నీళ్ళు పొయ్యి," అన్నారు.

ఆయనకు నెమ్మదించింది. ఆవిడ మెట్ల మీద కనిపించినప్పుడల్లా ఆ సంగతి చెప్పేవారు గానీ, మొక్క మాట ఎత్తేవారు కాదు. ఒకరోజు నేనే పిలిచాను.

"లోపలికొచ్చి చూడండి, ఎంత ఎదిగిందో."

ఆవిడ గడప అవతలే ఆగారు.

"ఒద్దమ్మా. సూత్తే నాను మళ్ళీ పట్టుకెళిపోతాను," అని పైకి వెళ్ళిపోయారు.