ఇతనిలాగే అన్న మాట

మా మేనత్త ముప్ఫయ్యొక్క ఏళ్ళు కోర్టులో టైపిస్టుగా పనిచేసింది. సాక్షి బోనులో నిలబడి చెప్పేదాన్ని జడ్జిగారు ఒక వాక్యంగా కుదించి పలికితే, ఆవిడ దాన్ని టైపు కొట్టేది. మనుషులు ఏడుస్తూ, నీళ్ళు నములుతూ, చెప్పిందే చెబుతూ మాట్లాడేవారు. కాగితం మీదికెక్కేసరికి అందరూ గుక్క తిప్పుకోకుండా మాట్లాడినట్టుండేది. అత్తయ్య కొట్టిన పేజీలో దిద్దుబాటు కనిపించదని కోర్టంతా చెప్పుకునేవారట. రిటైరయ్యాక కూడా ఆ పని ఒంట్లోంచి పోలేదు. ఏదైనా చెప్పి ముగించగానే ఎడమచెయ్యి దానంతటదే గాలిలో ఓ తోపు తోసేది, మిషను మీద తర్వాతి లైనుకి వెళుతున్నట్టు. "అక్కయ్య పేరా మార్చింది, ఇక మనం లేవొచ్చు" అనేవాడు మా నాన్న.

ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. మా ఇంట్లోనే వెనక రెండు గదుల్లో ఉండేది. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మాత్రం ముందు గదిలోకి వచ్చి, మాతో కూర్చుని టీవీలో నేరాల సీరియల్ చూసేది. చూడటమంటే తప్పులు పట్టడమే. సాక్షి అంతసేపు చెబుతుంటే ఒక్కరూ రాసుకోరేమిటి, గాలికి చెబుతున్నాడా అనేది. వకీలు వెళ్ళి జడ్జి బల్ల మీద చెయ్యేసి మాట్లాడితే ఆవిడకి ఒళ్ళు మండేది. ఆ సణుగుడు లేకపోతే మాకు సీరియల్ చూసినట్టే ఉండేది కాదు.

నాకు ఇరవై రెండేళ్ళప్పటి మాట. ఆ ఆదివారం కథలో ఒక పనమ్మాయి మీద హత్యానేరం పడింది. శిక్ష కూడా వేసేశారు. చివర్లో ఇనస్పెక్టరు ఎక్కడినుంచో పాత టేపొకటి సంపాదించి, సాక్షి గొంతు వింటూ, టైపు చేసిన కాగితంతో మాటామాటా సరిచూసుకుంటూ వస్తాడు. ఒకచోట ఆగిపోతాడు. టేపులో సాక్షి "బహుశా" అంటాడు. కాగితంలో ఆ మాట లేదు. అప్పుడు జరిగిపోయినదాన్ని రెండు క్షణాలు చూపించారు: ఒక టైపు మిషను, దాని మీద పరిగెత్తే రెండు చేతులు. ముఖం చూపించలేదు. పనమ్మాయి విడుదలైంది, సంగీతం మోగింది.

నాన్న చప్పట్లు కొట్టాడు. అమ్మ మాత్రం, అంతా బాగానే ఉంది గాని ఆ టైపు కొట్టినావిడని ఏం చేశారో చెప్పలేదే అంది. నాన్న నవ్వి, అక్కయ్యని అడుగు, వాళ్ళ శాఖే కదా అన్నాడు.

మొదట్నుంచీ అత్తయ్య ఒక్క తప్పూ పట్టలేదని నాకు అప్పుడు తట్టింది. తల తిప్పి చూస్తే, ఆవిడ రెండు చేతులూ కొంగులో దాచుకుని కూర్చుంది. అమ్మ టీ తెచ్చేలోపే లేచి వెనక గదుల్లోకి వెళ్ళిపోయింది.

మూడు రోజులపాటు ఆవిడ ఈ లోకంలో లేనట్టే ఉంది. అడిగితే తలనొప్పి అనేది. నాలుగో రోజు ఉతికిన బట్టలు ఇవ్వడానికి వెళితే, నన్ను మంచం మీద కూర్చోబెట్టి అంతా చెప్పింది.

పద్నాలుగేళ్ళ కిందటి కేసు. తెల్లవారుజామున ఒక బట్టల దుకాణంలో దొంగ పడ్డాడు. అడ్డొచ్చిన వాచ్‌మన్ తల పగిలింది. బతికాడు గాని, కొట్టిందెవరో చెప్పలేకపోయాడు. కరెంటు పనులు చేసుకునే ఇరవై ఆరేళ్ళ మనిషిని పట్టుకున్నారు. పారిపోతున్నవాణ్ణి చూసిందల్లా ఇంటింటికీ పేపర్లు వేసే ఒకావిడ, అదీ వీధికి అటువైపు నుంచి. ఆవిడ బోనులోకొచ్చి, ఎత్తూ అదే, నడకా అదే, ఇతనిలాగే ఉన్నాడండి అంది. జడ్జిగారూ ఆ మాటే పలికారు. అత్తయ్య మాత్రం "నేను చూసిన మనిషి ఇతనే" అని కొట్టింది.

"కావాలని కొట్టలేదే," అంది నాతో. "ఎన్ని వందల వాంగ్మూలాలు కొట్టానో, అన్నీ ఇతనే అనే ముగిసేవి. వేళ్ళు వాటి దారిన అవి పోయాయి."

అప్పుడెవరూ పట్టించుకోలేదు. గుమాస్తా గబగబా చదివి వినిపించాడు, పేపర్లావిడ ఇంటికి పోవాలన్న తొందరలో సంతకం పెట్టేసింది. సాయంత్రం కార్బన్ కాపీలు విడదీస్తుంటే అత్తయ్య కంటబడింది. దిద్దాలంటే సాక్షిని మళ్ళీ పిలిపించాలి, రెండు వైపుల వకీళ్ళూ రావాలి, జడ్జిగారు పక్కన పొట్టి సంతకం చెయ్యాలి. అంతకు ముందు వారమే ఏదో తేదీ తప్పు పడిందని ఆయన నిండు కోర్టులో ఆవిడని కడిగేశారు. అన్నేళ్ళ ఉద్యోగంలో అలాంటి మాట పడటం అదే మొదలు. ముద్దాయి వకీలు కాపీ తీసుకుంటాడు కదా, ఆయనే చూసి అడుగుతాడులే అనుకుని, కాగితాలు ఫైల్లో పెట్టి తాడు కట్టేసింది. ఆయన అడగలేదు. ముద్దాయికి ఆరేళ్ళు పడింది.

"అబద్ధం చెప్పను. ఓ నెల మనసు పీకింది. తర్వాత మర్చిపోయాను," అంది. "మొన్న ఆ చేతులు చూసేదాకా."

మర్నాడు నన్ను తోడు తీసుకుని కోర్టు రికార్డు గదికి వెళ్ళింది. అక్కడి ఉద్యోగిని అందరూ బీరువా అనేవారు. మనిషి అంత వెడల్పు, ఆయన్ని దాటితే గాని ఫైలు చేతికి రాదు. వాంగ్మూలాలు గడువు తీరి తగలబెట్టేశామని, తీర్పొక్కటే మిగిలిందని చెప్పి, దుమ్ము దులిపి తెచ్చిచ్చాడు. అత్తయ్య నిలబడే చదివింది. శిక్ష వెయ్యడానికి రెండు కారణాలు రాశారు. వాచ్‌మన్ టార్చిలైటు ముద్దాయి గదిలో దొరికింది, రోడ్డు మీద పడుంటే తెచ్చుకున్నానని అతను చెప్పాడు. రెండోది, సాక్షి ఎలాంటి తడబాటూ లేకుండా ఇతనేనని చెప్పింది.

నేను ఆ టార్చిలైటు మాట పట్టుకున్నాను. అది దొరికింది కదత్తయ్యా, నీ తప్పు లేకపోయినా శిక్ష పడేదేమో అన్నాను.

"పడేదేమో. పడకపోయేదేమో కూడా," అంది. "అది తేల్చాల్సింది జడ్జిగారు. నా వేళ్ళు కాదు."

ఆ సాయంత్రం ఇంట్లో గొడవైంది. మానిపోయిన పుండుని గెలకడమెందుకని నాన్న అడిగాడు. రేపు నీ మీదే కేసు పడితే కోర్టు చుట్టూ ఎవరు తిరుగుతారన్నాడు. నేనే తిరుగుతాను, దారి తెలుసుగా అంది అత్తయ్య. నాన్న ఆవిడతో మాటలు మానేశాడు.

బీరువా వాకబు చేసి ఆ మనిషి ఆచూకీ చెప్పాడు. శిక్ష పూర్తయ్యాక మోటార్లు వైండింగ్ చేసే కొట్టు పెట్టుకున్నాడట. వెళ్ళాం. ఒక్క షట్టరు ఉన్న ఇరుకు కొట్టు. వార్నిష్ వాసన. బల్ల నిండా మాడిపోయిన మోటార్లు, రాగి తీగ చుట్టలు. నలభై ఏళ్ళ మనిషి చిన్న మిషను హ్యాండిలు తిప్పుతూ, పెదవుల్లోనే చుట్లు లెక్కపెట్టుకుంటున్నాడు. ఆగమన్నట్టు ఎడమచెయ్యి ఎత్తాడు. లెక్క పూర్తయ్యాక తీగ తెంపి, ఏం కావాలండీ అన్నాడు.

అత్తయ్య నిలబడే చెప్పింది. తను ఎవరో, ఏ కేసో, ఏ మాట ఎలా మారిందో చెప్పింది. సాయంత్రమే చూసి కూడా ఊరుకున్నానన్న ముక్క మింగెయ్యలేదు.

అతను గుడ్డ తీసుకుని ఒక్కో వేలూ తుడుచుకున్నాడు.

"ఆవిడ లాగే అనే అంది కదండీ?" అన్నాడు చివరికి.

"అవును బాబూ."

"లాగే అనే కదా?"

"అవును."

"నేను విన్నానండి. అక్కడే నిలబడి ఉన్నాను కదా. మా వకీలుకి చెప్పాను కూడా. కాగితంలో ఇతనే అని ఉంది, నువ్వు కంగారులో తప్పు విన్నావన్నాడు. వెనక బెంచీలో కూర్చుని మా అమ్మా విన్నది. ఆవిడకి చెవుడన్నారు." గుడ్డ బల్ల మీద పడేశాడు. "లోపలున్నన్నాళ్ళూ నా చెవులకే ఏదో అయిందనుకున్నాను. ఇప్పటికీ ఎవరేం చెప్పినా రెండుసార్లు అడుగుతానండి. జనం విసుక్కుంటారు."

అత్తయ్య పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుంది. అమ్మ ఉన్నారా అని అడిగింది. పోయి ఐదేళ్ళయిందన్నాడు.

ఒక ప్రశ్న నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆ రోజు పరిగెత్తింది మీరేనా అని. నేను అడగలేదు. అత్తయ్యా అడగలేదు. అతనూ చెప్పలేదు.

ఇప్పుడు చెప్పిందంతా కాగితం మీద రాసివ్వమన్నాడు. రేపు టైపు చేసి తెస్తానంది అత్తయ్య.

"వద్దండి. ఇక్కడే. మీ చేత్తో."

ఆవిడ చేతిరాత బాగుండదు. ఒళ్ళో అట్ట పెట్టుకుని రాసింది, రెండుచోట్ల కొట్టేసింది, కింద పూర్తి సంతకం చేసింది. అతను షట్టరు దగ్గరికి వెళ్ళి వెలుతుర్లో రెండుసార్లు చదివి, మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. క్షమించమని అత్తయ్య అడిగింది. మెట్టు ఎత్తుగా ఉంటుంది, చూసి దిగండి అన్నాడు.

నెలన్నర తర్వాత ఉండబట్టలేక అత్తయ్య మళ్ళీ వెళ్ళింది. నేనూ వెళ్ళాను. అతను స్టూలు తుడిచి వేశాడు. ఆ కాగితాన్ని ఒక వకీలుకి చూపించాడట. శిక్ష అనుభవించేశాక, వాంగ్మూలమే లేకుండా, ఇప్పుడు తిరగతోడినా ఒరిగేదేమీ లేదన్నాడట వకీలు. ఆ తర్వాత దాన్ని వాళ్ళ అక్కకి పంపాడు. తీర్పు వచ్చిన రోజు నుంచీ ఆవిడ తమ్ముడి గడప తొక్కలేదు.

"అక్క వచ్చిందండి. రెండ్రోజులుంది," అన్నాడు. చేతిలోని తీగ వంక చూస్తూ, "మీరు మాత్రం ఇంక రావొద్దండి. మిమ్మల్ని చూస్తే ఆ కోర్టు గది కళ్ళ ముందుకొస్తోంది," అన్నాడు.

అత్తయ్య తలూపి లేచింది. ఇద్దరం ఇంటికొచ్చాం. అప్పటికి నాన్న కోపం దిగింది. గుమ్మంలో ఎదురొచ్చి ఏమన్నాడని అడిగాడు. రావొద్దన్నాడురా అని చెప్పి, ఆవిడ లోపలికి వెళ్ళి ముఖం కడుక్కుంది.

మా ఇంటి నుంచి మందుల దుకాణానికి దగ్గర దారి ఆ వైండింగ్ కొట్టు ముందు నుంచే. మోకాళ్ళ నొప్పులకి అత్తయ్య నెలకోసారి మాత్రలు తెచ్చుకోవాలి. నేను తెస్తానన్నా వినదు. ఇప్పటికీ రెండు వీధులు చుట్టుతిరిగి, మధ్యలో ఒకచోట ఆగి మోకాళ్ళు నొక్కుకుని, మళ్ళీ నడిచి వెళ్ళి తెచ్చుకుంటుంది.