క్వారీలో పెట్టిన ముద్ద

ఈ దేశం వచ్చి ఇన్వర్‌కార్గిల్‌లో రెండేళ్ళు పాలిటెక్నిక్ చదివాను. అక్కడ నేర్చుకున్నదానికంటే ఆ తర్వాత ఊరి లైబ్రరీలో నేర్చుకున్నదే ఎక్కువ. ఒక్క రాళ్ళ గురించే ఆరు పుస్తకాలు చదివాను. నేను పనిచేసే వృద్ధాశ్రమంలో, పక్కబట్టలు మారుస్తూ ఆ సంగతులన్నీ చెబుతూ ఉండేవాణ్ణి. విసుక్కోకుండా వినేది ఒక్క ఆవిడే, ఈ దేశపు మూలవాసులైన మావోరీల మనిషి. మొదటిరోజు అలవాటు కొద్దీ ఆంటీ అని పిలిచి నాలుక కరుచుకున్నాను. ఆ పిలుపు తమలోనూ ఉందని, అలాగే పిలవమని అంది.

ఆంటీకి చూపు దాదాపు పోయింది. ఇక్కడికి మూడు గంటల దూరంలో, టస్సాక్ అనే కుచ్చులు కుచ్చులుగా పెరిగే గడ్డి మైదానంలో, ఆమె పూర్వీకుల రాళ్ళ క్వారీ ఉంది. మోవా అనే పెద్ద పక్షులు బతికున్న కాలంలో, వాటి మాంసం కోయడానికి రాతికత్తులు చేసిన చోటు అది. చిన్నప్పుడు తాత ఆమెను అక్కడికి తీసుకెళ్ళి, కంచె దగ్గరే నిలబెట్టి, ఈసారి వచ్చినప్పుడు లోపలికి వద్దువుగాని అన్నాడట. ఆ ఈసారి రాలేదు. నేను ఆ క్వారీ గురించి చదివానని తెలిశాక ఆంటీ నా మణికట్టు పట్టుకుంది.

"నువ్వు వెళ్ళి చూసి రా. అక్కడినుంచి ఏమీ తేకు. ఉన్నది ఉన్నట్టు నాకు చెప్పు."

తేనని మాటిచ్చాను. ఇంకేమైనా నియమాలున్నాయా అని అడగలేదు. చదివినవాణ్ణి కదా, అడిగితే చిన్నతనం అనుకున్నాను.

ఆదివారం మా ఆవిడ డ్రైవ్ చేసింది. దారంతా నేను రాయి గురించి చెబుతుంటే, దగ్గర్లో టాయిలెట్ ఎక్కడుందో మీ పుస్తకంలో రాశారా అని అడిగింది. చివరికి రోడ్డు పక్కన కారు ఆపి, గేటు తీసుకుని నడిచాం. ఎటు చూసినా ఎండిన గడ్డి, దూరంగా కొండలు, మధ్యలో ఎవరో తవ్వి వదిలేసినట్టు గుంటలు.

"ఇదేనా అండీ? మా ఊరి క్రషర్ దగ్గర ఇంతకన్నా ఎక్కువ రాళ్ళుంటాయి," అంది.

నాలుగడుగులు వేశాక తనే మాట ఆపేసింది. కాలి కింద రాతి పెచ్చులు పింగాణీ ముక్కల్లా చప్పుడు చేస్తున్నాయి. వేలకొద్దీ పెచ్చులు. మనిషి కొడితే ఊడినవని ఒక్కోదాని అంచు చూస్తేనే తెలుస్తోంది. ఒకచోట అవి కుడివైపు ఒక కుప్ప, ఎడమవైపు ఒక కుప్పగా పడున్నాయి. మధ్యలో పీట వేసేంత ఖాళీ. పని చేసినవాడు కూర్చున్న చోటు అదేనని చూడగానే అర్థమైంది. అతను లేచి వెళ్ళాడు, ఖాళీ అలాగే ఉండిపోయింది.

నేను వెళ్ళి అందులో కూర్చున్నాను. నా మోకాళ్ళు సరిగ్గా పట్టాయి.

ఆకలి వేసింది. మా ఆవిడ పులిహోర డబ్బా అందించి గేటు వైపు వెళ్ళి నిలబడింది. పొలంలో అన్నం తినేముందు ఒక ముద్ద తీసి నేలకు పెట్టడం మా ఇంట్లో అలవాటు. ఆ చోటి మనిషికని, ఎదురుగా ఉన్న తెల్లటి రాయి మీద ఒక ముద్ద పెట్టి తినడం మొదలుపెట్టాను. అప్పటిదాకా వీస్తున్న గాలి ఆగింది. నా వెనక పెచ్చుల మీద అడుగు పడిన చప్పుడు వినిపించింది. మా ఆవిడే అనుకుని తలెత్తితే, తను నాకు ఎదురుగా, గేటు దగ్గర ఉంది.

గబగబా ముద్ద తీసేశాను. రాయి మీద పసుపు మరక మిగిలింది. సీసాలో నీళ్ళన్నీ పోసి రుద్దినా పోలేదు. వచ్చేటప్పుడు మా ఆవిడ ఎక్కడా ఆపకుండా డ్రైవ్ చేసింది.

ఇంటికొచ్చి ఆరు పుస్తకాల్లో ఒకటి మళ్ళీ తీశాను. పనిముట్ల అధ్యాయాలు చదివి, ఆచారాల అధ్యాయం వదిలేశానని అప్పుడు గుర్తొచ్చింది. అందులో ఉంది. అలాంటి చోటు టపు, అంటే మామూలు మనుషుల వాడకానికి అతీతమైనది. అన్నం ఆ పవిత్రతను తీసేస్తుంది. కనుక తినేవేవీ అక్కడికి తీసుకెళ్ళకూడదు. మనం దణ్ణం పెట్టినట్టు పెట్టిన ముద్ద వాళ్ళకు మైల.

చెప్పకపోతే ఆంటీకి ఎప్పటికీ తెలియదు. గడ్డి, కొండలు, పెచ్చుల కుప్పలు, ఇంతవరకు చెబితే ఆమె సంతోషిస్తుంది. మూడు రోజులు ఆమె గది డ్యూటీ వేరేవాళ్ళకు మార్పించుకున్నాను. ఆ మూడు రోజులూ ఇంట్లో ఎక్కడ కూర్చున్నా వెనక ఎవరో నిలబడినట్టే ఉంది. ఉన్నది ఉన్నట్టు చెప్పమంది కదా అని నాలుగో రోజు వెళ్ళి అంతా చెప్పేశాను.

ఆంటీ గిన్నెలో నీళ్ళు తెమ్మంది. నా చేతులు అందులో ముంచి, తన భాషలో ఏదో ప్రార్థన చదివింది. శ్మశానం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కునేవాడిలా నిలబడ్డాను.

"క్షమించారా?" అని అడిగాను.

"అది నా చేతిలో లేదు. నేను త్వరలో మా పెద్దల దగ్గరికే కదా వెళ్ళేది, వాళ్ళకు చెబుతాను. నువ్వు పెట్టినదాని పేరేంటి?"

"పులిహోర."

రెండుసార్లు పలికి చూసింది. "హోర మా మాట కూడా. పరచడం అని అర్థం. ఆ పేరులో సగం వాళ్ళకు తెలుస్తుంది." నవ్విందో లేదో ఆ కళ్ళను బట్టి తెలియలేదు. ఆ కుప్పలు ఎంత ఎత్తున్నాయి, మధ్యలో కూర్చుంటే ముందు ఏ కొండ కనిపిస్తుంది అని అడుగుతూ పోయింది. అన్నీ చెప్పాను.

చలికాలంలో ఆంటీ వాళ్ళ పెద్దల దగ్గరికి వెళ్ళిపోయింది. లాంగ్ వీకెండ్ వచ్చినప్పుడల్లా మా ఆవిడ అటువైపు వెళ్దామా అంటుంది. ఇంకా కబురు రాలేదంటాను. ఎవరి నుంచి అని తను అడగదు.