చెల్లెలు లేని నవల

పోయిన బుధవారం పొద్దున ఏలూరు నుంచి మా తెలుగు మేడమ్‌గారి కోడలు ఫోన్ చేసింది. "అత్తయ్యగారు నిద్రలోనే పోయారండీ. ఆదివారం మీరిద్దరూ వస్తారని నిన్న కూడా అన్నారు" అంది.

తాడేపల్లిగూడెం కాలేజీలో ఆవిడ మాకు నవల చెప్పేవారు. పిల్లలు పెద్దవాళ్ళయ్యే కథలంటే ఆవిడకు ప్రాణం. పాఠం మధ్యలో పుస్తకం మూసి, "ఇంతకీ ఈ పిల్ల ఏ పేజీలో పెద్దదయిందమ్మా?" అని అడిగేవారు. పెళ్ళి దగ్గర అనేవాళ్ళం, ఉద్యోగం దగ్గర అనేవాళ్ళం. నవ్వి, "ఇంకా వెతకండి" అనేవారు.

మాది కొల్లేటి లంక. నలభై దాటాక నేనూ అలాంటి నవలే రాశాను. పడవలో బడికెళ్ళిన పిల్ల, హాస్టల్, ఉద్యోగం. రిటైరై ఏలూరులో ఉంటున్న మేడమ్‌గారికి ఇచ్చి వచ్చాను. వారం తర్వాత పిలిచి కాఫీ ఇచ్చారు.

"బాగా రాశావమ్మా. మరి ఇందులో మీ చెల్లేదీ?"

నా చదువు ఆగకూడదని మా చెల్లి తొమ్మిదిలో బడి మానేసి, రొయ్యలు వలిచే షెడ్డులో చేరింది. ఆదివారాలు కూర పట్టుకుని హాస్టల్‌కి వచ్చేది. దాని చేతుల వాసనకి సిగ్గుపడి, గేటు దగ్గరే గిన్నె అందుకుని పంపించేసేదాన్ని.

"బస్సు వేళదాకా హాస్టల్ ఎదురుగా, అప్పటి మా ఇంట్లోనే కూర్చునేదమ్మా" అన్నారు మేడమ్‌గారు. అది నాకు తెలీదు.

"చెల్లిని పెడితే కథకి అడ్డమొస్తుందండీ" అన్నాను.

"అడ్డమొచ్చిందే కథ."

కోపంతో కాగితాలు తీసుకుని వచ్చేశాను. ఏడాదిపాటు ఆ గడప తొక్కలేదు. ఏ పని చేస్తున్నా గేటు అవతల నిలబడ్డ చెల్లే కనిపించేది. చివరికి నవల మొత్తం మళ్ళీ రాశాను.

తిరిగి వెళితే, ఇన్నాళ్ళూ ఏమయ్యావని ఆవిడ అడగలేదు. చూపు మందగించింది. "నువ్వు కాదు, మీ చెల్లి చదివితే వింటాను" అన్నారు. అది ఎంతో మొహమాటపడింది. తర్వాత ప్రతి ఆదివారం నాతో వచ్చి, అక్షరాల కింద వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదివేది. ఎక్కడ తడబడినా మేడమ్‌గారు అందించేవారు కాదు, ఆగేవారు. హాస్టల్ గేటు అధ్యాయం దగ్గర చెల్లి తలెత్తి చూసింది.

"నాకప్పుడే తెలుసులే అక్కా" అని పేజీ తిప్పింది.

నాకు ఏడుపాగలేదు. మేడమ్‌గారు తడుముకుంటూ నా చేయి పట్టుకున్నారు. అప్పటికి ఒక్క అధ్యాయమే మిగిలింది.

మొన్న ఆదివారం వెళ్ళడానికి ఏలూరులో మాకెవరూ లేరు. చెల్లి ఇంటికే వెళ్ళాను. అది వాకిట్లో కుర్చీ వేసుకుని, ఎదురుగా ఇంకో కుర్చీ ఖాళీగా వేసి, మిగిలిన అధ్యాయం పైకి చదువుతోంది. ఒక మాట దగ్గర తడబడి, తలెత్తి, ఆ కుర్చీ వైపు చూస్తూ కాసేపు ఆగింది.