వాడరేవులో అందిన కబురు

నేను సముద్రం మీద పోయింది ఒక్కసారే. తొంభైల చివర్లో, మిరప కోతలు ఇంకా మొదలుకాని రోజుల్లో. మాది పర్చూరు దగ్గర పల్లె. పత్తి, మిరప తప్ప ఇంకో లోకం తెలియదు. బాపట్లలో నాతో డిగ్రీ చదివిన స్నేహితుడొకడు నిజాంపట్నంలో ఉండేవాడు. చదువయ్యాక ఉద్యోగాల వెంట తిరగకుండా తండ్రిలాగే చేపల వేటకి దిగి, ఇంజను పడవ కొనుక్కున్నాడు.

"ఒరేయ్, ఎప్పుడూ బస్సుల్లోనే తిరుగుతావు. ఈసారి నా పడవ మీద పోదాం. వాడరేవులో ఒకడున్నాడు, కొత్తపట్నంలో ఇంకొకడు. ఒక్కో రేవులో ఆగి మనవాళ్ళని చూసొద్దాం" అన్నాడు.

బయల్దేరిన పొద్దున వాడి భార్య, పక్కింటావిడ గట్టు దాకా వచ్చారు. ఆ రెండిళ్ళకీ మధ్య ఒకటే గోడ. పక్కింటావిడ భర్త, మరిది ముందురోజు సాయంత్రమే వాళ్ళ పడవలో వేటకి వెళ్ళారు. రెండు రోజులకి గానీ రారు. నేను పడవ అంచుని రెండు చేతులా పట్టుకుని కూర్చోవడం చూసి ఆవిడ పడీ పడీ నవ్వింది.

"అన్నయ్యగారూ, మీరు పట్టుకోకపోయినా అది పోతదండీ! వదిలేయండి!"

కాలవ సముద్రంలో కలిసేచోటుని వాళ్ళు మొగ అంటారు. అక్కడ అలలు పడవని ఎత్తి ఎత్తి కుదేశాయి. అది దాటాక నీళ్ళు నూనె పరిచినట్టున్నాయి. కుడివైపు సరుగుడు తోటల గీత, సూర్యలంక ఇసుక. మధ్యాహ్నం దాటాక వాడరేవు చేరాం. అక్కడి స్నేహితుడు ఐసు ఫ్యాక్టరీ చూసుకునేవాడు. ఇంటికి తీసుకెళ్ళి చేపల పులుసు పెట్టించాడు. పొద్దుపోయేదాకా హాస్టల్ కబుర్లే.

మర్నాడు కొత్తపట్నం పోదామని ఫ్యాక్టరీ ముందు నిలబడి టీ తాగుతుండగా నిజాంపట్నం నుంచి చేపల లారీ వచ్చింది. డ్రైవరు కిందికి దిగి, పడవ నడిపిన మావాణ్ణి చూసి, డోరు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"అన్నా... నువ్వేనా?"

"ఏందిరా అట్టా చూస్తావు?"

"నిన్న మధ్యాహ్నం మొగ దగ్గర పడవ తిరగబడిందన్నా. ఆకుపచ్చ పడవ. తలకిందులుగా కొట్టుకుపోతుంటే గట్టు మీదోళ్ళు చూశారు. మనుషులు దొరకలా. నువ్వూ, ఈ సారూ ఎందుకో వెనక్కి తిరిగొస్తా పోయారని పేటంతా ఏడుస్తా ఉంది. వదిన మనిషి మనిషిలా లేదు. సారు వాళ్ళ ఊరిక్కూడా ఫోన్ చేశారు."

నాకు నవ్వొచ్చింది. ఎందుకొచ్చిందో ఇప్పటికీ తెలియదు. చేతిలో టీ గ్లాసుతో, నా చావు కబురు నేనే వింటున్నాను. మావాడు నవ్వలేదు. ఒడ్డున లాగి ఉన్న తన పడవ వైపు చూశాడు. అదీ ఆకుపచ్చదే.

"ఒరేయ్, రంగు డబ్బాలు ఇద్దరం కలిసే కొన్నాం."

"ఎవరితో?"

"పక్కింటోడితో."

నేను టీ గ్లాసు కింద పెట్టేశాను. ఆ అన్నదమ్ములు ఇవాళ్టికి గానీ రారు కాబట్టి ఎవరికీ వాళ్ళమీద అనుమానం రాలేదు. ఇంజను చెడో, ఒంట్లో బాగోకో ముందే తిరిగొస్తూ ఉండాలి. పడవని అక్కడే వదిలేసి అదే లారీ ఎక్కాం. దారిలో మావాడు "ఆకుపచ్చ పడవలు ఇంకా ఉన్నాయిలేరా" అన్నాడు. నేను గట్టిగా తలూపాను.

మావాడి వాకిలి నిండా జనం. మమ్మల్ని చూసి కొందరు కేకలు పెట్టారు, కొందరు వెనక్కి జరిగారు. లోపల మావాడి భార్య పక్కింటావిడ ఒళ్ళో తలపెట్టుకుని పడుంది. ఆవిడ మజ్జిగ గ్లాసు పట్టుకుని "ఒక్క గుక్క తాగు వదినా, నేను లేనా నీకు" అంటోంది. తలెత్తి మమ్మల్ని చూసింది. గ్లాసు జారిపోయింది.

"వదినా, లే! అన్నయ్యొచ్చాడు! లే వదినా!" అని ఆమెని పట్టుకుని కుదిపేసింది. ఏడుస్తూ నవ్వుతూ రెండు చేతులూ జోడించి పైకి దణ్ణం పెట్టింది. అంత సంతోషపడిన మొహం నేను చూడలేదు.

మావాడు గుమ్మంలోనే ఆగిపోయాడు. భార్య వచ్చి కాళ్ళు చుట్టేసుకున్నా కదల్లేదు, పక్కింటావిడనే చూస్తున్నాడు.

"ఏందన్నయ్యా?" అంది ఆవిడ. "మీ పడవ ఏమైంది?"

"వాడరేవులో ఉందమ్మా."

"మునగలేదా?"

"మాది మునగలేదు."

ఆవిడ తడిసిన చీర కుచ్చెళ్ళు దులుపుకుంటూ లేచి, వాళ్ళింటికి వెళ్ళి తలుపేసుకుంది. కాసేపటికి గోడ అవతల్నించి ఆ అరుపు వినిపించింది. మావాడి భార్య చెంగు నేలన ఈడ్చుకుంటూ అటు పరుగెత్తింది.

మధ్యాహ్నానికి మా వాళ్ళు జీపులో వచ్చారు. నా భార్య నా మొహం, భుజాలు తడిమి చూసుకుంది. జరిగింది చెప్పగానే నన్ను వదిలేసి, ముక్కూ మొహం తెలియని ఆ మనిషి పక్కన వెళ్ళి కూర్చుంది. అన్నదమ్ములిద్దరూ మర్నాడు ఒడ్డుకి కొట్టుకొచ్చారు.

మావాడు కొన్నాళ్ళకి మళ్ళీ వేటకి వెళ్ళాడు. తెచ్చిన చేపల్లో ఒక గంప గోడ అవతలికి పోయేది. తర్వాత ఆవిడ ఎండుచేపల వ్యాపారం పెట్టుకుంది. నేను వెళ్ళినప్పుడల్లా పలకరిస్తుంది, పంట ఎలా ఉందని అడుగుతుంది. ఆమెకి ఏ జవాబు చెబుతున్నా, బతికున్నందుకు నాకు లోపల సిగ్గేస్తుంది. కొత్తపట్నం స్నేహితుణ్ణి చూడ్డానికి తర్వాత ఎప్పుడో బస్సులో వెళ్ళాను.