సావుకారుకు బయమ్మ కుట్టిన చెప్పులు

బత్తలపల్లెలో తోళ్లు నానేసే లందల కాడ బయమ్మ పేరెత్తితే ముసలోళ్లు ఇప్పటికీ "ఆయమ్మది పాము పగ నాయనా" అంటారు. అనరా మరి? సావుకారుతోనే పెట్టుకున్న మనిషి.

ఆమె మొగుడు పుల్లన్న తోళ్లు పదును చేసేవాడు. తంగేడు చెక్క నీళ్లలో నానేస్తే తోలు పదునుకు రావడానికి నెల పట్టేది. యాభై ఎనిమిదిలో లందల సావుకారు శ్రీరంగప్ప మద్రాసు నుంచి ఎర్ర ఉప్పనే మందు తెప్పించినాడు. నాలుగు దినాల్లో తోలు తయారు. ఇంకేం, ఆయప్పకు పండగే. ఆ మందునీళ్లలో వట్టి చేతులు పెట్టేది మాత్రం పుల్లన్న. చేతి యేళ్ల మీద జొన్నగింజంత బొక్కలు పడినాయి. ఒకటి మానకముందే ఇంకొకటి. సంగట్లోకి నూరిన ఊరిబిండి కారం తగిలితే గిలగిలలాడేవాడు. అంత మొగోనికి బయమ్మే సంగటి ముద్దలు నోట్లో పెట్టేది. ఆయన తలొంచుకొని తినేవాడు.

బయమ్మ పోయి సావుకారును అడిగింది. "మందు తగ్గించండి సామీ. రబ్బరు తొడుగులన్నా ఇప్పించండి. మందు పోయేట్టు తోళ్లు ఇంకో రెండు నీళ్లు కడిగించండి."

"తాగను నీళ్లు లేవు, తోళ్లకు యాడ తెచ్చేదమ్మే? తోలు పనోని చేతులు ఆ మాత్రం కాకుంటే ఎట్ల?" అని నవ్వినాడు శ్రీరంగప్ప. ఏటా ఉగాదికి సావుకారుకు చెప్పుల జత ఇచ్చేది పుల్లన్న ఇంటి ఆనవాయితీ. అది గుర్తొచ్చి, "నా చెప్పులు మాత్రం పాత తంగేడు తోలుతోనే కుట్టండి" అన్నాడు.

అంటే ఆయప్పకు తెలుసు. ఆ తోలు సంగతి తెలిసే వీళ్ల చేతులు ముంచిస్తాండాడు! ఆ పొద్దు బయమ్మకు కూడు సయించలే.

తోలు పొడిచే ఆరె పట్టి చెప్పులు కుట్టేది ఆడోళ్ల పని కాదు. మొగుని చేతులు పోయినాయి కదా, తానే పట్టింది. లందలోంచి ఎర్ర ఉప్పు తోలు తీసి, కడగకుండానే ఎండేసింది. ఆ తోలు నీలంగా ఉంటాది. తంగేడు కషాయం పూసి పాత తోలు రంగు తెప్పించింది. ముద్దుగా కుట్టి, ఉగాది నాడు వంగి సావుకారు కాళ్ల కాడ పెట్టింది.

కొత్త చెప్పు కరవడం లోకంలో ఉండేదే. ఆముదం రాసి, విప్పకుండా నడిస్తే అదే సర్దుకుంటాదంటారు మా సీమలో. సావుకారూ అట్లే నడిచినాడు. పైన ఎండ, లోపల చెమట. పాదాలు పొంగి రసి కారినాయి. అనంతపురం డాక్టరు "ఇదేం తోలప్పా?" అని అడిగేసరికి, బండి కట్టించుకొని నేరుగా లందల కాడికే వచ్చినాడు.

"ఏం తోలు కుట్టినావే?"

"మీ లందలోదే సామీ."

"ఆ విషం నా కాళ్లకు కుడతావా?"

పనోళ్లందరూ విన్నారు. విషమనే మాట ఆయప్ప నోట్లోంచే వచ్చింది. పుల్లన్న తమ్ముడు లక్ష్మన్న ముందుగా లందలోంచి బయటికొచ్చినాడు, ఎనకనే అందరూ. మళ్లీ ఎవురూ దిగలే. తోళ్లు కుళ్లి గబ్బు లేస్తే గానీ సావుకారు దిగిరాలే. ఎర్ర ఉప్పు వచ్చిన దోవనే మద్రాసుకు పోయింది. కంబదూరు దిక్కు నుంచి తంగేడు చెక్క బండ్లు మళ్లీ వచ్చినాయి.

మరుసటి ఉగాదికి చెప్పులు కుట్టమని శ్రీరంగప్ప మనిషిని పంపినాడు. బయమ్మ కుట్టనంది.

"పోనీలేవే, లందలైతే బాగుపడినాయి కదా. కుట్టియ్యి" అన్నాడు పుల్లన్న.

"లందలు బాగుపడినాయి. నీ యేళ్లు?" అనింది.

శ్రీరంగప్ప చచ్చేదాకా ఆ ఇంటి నుంచి చెప్పుల జత పోలే.